లేత గులాబి

నల్లగొండల సముద్రం లేదు.
ఉన్నదల్లా మా ముందటర్రల
మూడు ఫీట్ల అద్దాల డబ్బ,
దాంట్ల ఆర్వో నీళ్లు,
కొరియర్ల బకెట్టు నిండ వచ్చిన ఉప్పు.

పొద్దంత నేను ఊర్ల నీళ్లు పరీక్ష చేస్త.
బోరు నీళ్లు, ట్యాంకు నీళ్లు, బడి కుండల నీళ్లు.
సీసలు కడుగుత, చుక్కలేస్త, ఊపుత,
రంగు తేలేదాక గడియారం జూస్త.
పొద్దుమూకి ఇంటికొస్తే మళ్ల గదే పని,
ఈసారి తెల్లచారల నారింజ చేపలకు,
సుత్తె తలల పగడానికి,
రాయి మీద గుండీల లెక్క పూసిన జోయాలకు.

నైట్రేట్ అంటే ఏం లేదు.
తిన్నదాంట్ల మిగిలింది,
మిగిలినదాంట్ల కుళ్లింది,
కుళ్లినంక ఇంక ఎటూ పోలేనిది.
వాసన రాదు, కంటికి కనవడదు.
నీళ్లు తళతళ మెరుస్తనే ఉంటయి.
చుక్కలు పడ్డంకనే చెప్తయి నిజం,
గులాబి రంగుల.

మొదటి ఏడు నలభై చూపెట్టింది.
ఐతారం ఐతారం ఐదు బకెట్లు తీసిన, ఐదు పోసిన.
నడుము పోయింది గని నలభై పోలే.
రాళ్ల సందుల దాసుకున్న పాత బాకీ
బుధవారానికి వడ్డితోని తిరిగొచ్చేది.

ఎవరో చెప్పిన్రు, వోడ్కా పొయ్యమని.
దాన్ని తాగి పెరిగే క్రిములు
నైట్రేట్‌ను గూడ తింటయట.
గడియారం సెంటర్ కాడి వైన్సుకు
ఆఫీసు కార్డు మెడల ఉండంగనే పోయిన.
"ఒక క్వార్టరియ్యి."
"ఎవరికి మేడం?"
"చేపలకు."
కౌంటరాయన నవ్వలే.
"మా బావ గూడ గట్లనే అంటడు" అన్నడు.

దినాం అర మిల్లి, సూది లేని సిరంజితోని.
నలభై ఇరవై అయింది, ఇరవై ఎనిమిదయింది.
నాకు ఆశ పుట్టింది. మిల్లి చేసిన, మిల్లిన్నర చేసిన.
ఒకనాడు సీస ఎంత ఊపినా
నీళ్లు నీళ్ల లెక్కనే ఉన్నయి.
సున్న.
మా ల్యాబు అటెండరు ఇస్తారికి ఫోన్ జేసి చెప్పిన.
"సున్ననా? మనకు సున్న ఏడ దొరికింది మేడం?"

పది రోజులకు పగడం పాలిపోయింది.
ఆకుపచ్చ తలలు ఎండిన నిమ్మతొక్కలైనయి.
జోయాలు గుండీలు బిగించుకున్నయి.
ఇసుక మీద గోధుమ రంగు జిగురు.
ఇంట్ల గిన్నెలన్ని తోమి బోర్లించి
అన్నం వండుడు మర్చినట్టు చేసిన.

గా వారమే చండూరు అవుతల
ఒక బత్తాయి తోట బోరు కాడికి పోయినం.
బతుకమ్మ నాడు గునుగు పువ్వుకు అద్దే రంగు
సీస నిండ.
కార్డు మీది ఆఖరి గడి దాటింది.
తోటాయన వంగిన మోకాళ్ల మీద చేతులానిచ్చి నిలవడ్డడు.
"ఎనుకట ఫ్లోరైడన్నరు. గిప్పుడిదేంది?"
"యూరియా."
"ఎయ్యకుంటే ఎట్లమ్మా,
ఆకు పాలిపోతది."

జీపుల ఇస్తారి ఏదో మాట్లాడుతనే ఉన్నడు.
నాకు ఆ ఒక్క మాటే ఇనవడ్డది.

వోడ్కా సీస బీరువల పెట్టిన.
చేపలకు చిటికెడు మేత ఎక్కువేసిన.
నురుగు మిషన్ రాత్రిపూట బందు పెట్టిన.
ఇరవై రెండు రోజులు.

నిన్న రాత్రి సీసను తెల్ల కాయితం మీద పెట్టి
మీదికెళ్లి వంగి చూసిన.
పసిపిల్ల గోరంత రంగు.
ఐదుకు అటిటు.
డైరీల ఒక గీత మీద బత్తాయి బోరు,
తాగొద్దని నేనే రాసిన ఎర్ర సిరా.
దాని కింది గీత మీద నా సముద్రం.
రెండింటికి ఒకటే కార్డు.

మిగిలిన సీస ఏమైందని
ఇస్తారి దినాం అడుగుతుండు.

సుత్తె పగడం ఏడు తలల్ల
ఒకటి తెరుసుకుంది.
ఆరు ఇంకా నన్ను నమ్మలే.